వెచ్చని తుపాకీ

వేట కంపెనీ మనిషి క్లిఫర్డ్ తాళంచెవికి ఎర్రతాడు కట్టి మరీ తెచ్చాడు. గడ్డకట్టిన సముద్రం మీద వేసిన పెద్ద గుడారంలో పొయ్యి పక్కన ఇనప్పెట్టె దింపించి, మూత మీద ఒక్కటి చరిచి, "ఇకనుంచి సాయంత్రం కాగానే తుపాకులన్నీ ఇందులోకి. వేటకొచ్చిన అతిథిదైనా అంతే, గైడుదైనా అంతే," అన్నాడు. వంటమనిషి ఎప్పుడూ గుడారంలోనే ఉంటుంది కాబట్టి తాళం ఆమె దగ్గరుండాలట. జిపోరా చేతులనిండా రొట్టెల పిండి. వద్దనేలోపే తాడు మెడలో వేసేశాడు, పందెంలో గెలిచినవాళ్ళకి పతకం వేసినట్టు.

"తుపాకీని పొయ్యి పక్కన పెడతారా ఎక్కడైనా?" అంది జిపోరా. "బయట స్లెడ్జి బండి మీద గుడ్డ కింద దాని మానాన అది ఉంటుంది."

"బయట పెడితే తాళం ఎలా వేస్తాం? పోయినేడు ఇంకో క్యాంపులో ఎవడో గుడారంలో తుపాకీ తడుముతుంటే పేలింది. ఇంకాస్తలో ఒకడి ప్రాణం పోయేది. కంపెనీ రూలు పెట్టింది. రూలంటే రూలే."

"పేలితే ప్రమాదం, సరే. పేలకపోతే?"

"పేలకపోవడానికి ఇవేం బొమ్మ తుపాకులా జిపోరా?" క్లిఫర్డ్ నవ్వి, మంచు మీద జారే మోటారు స్లెడ్జి ఎక్కి ఊళ్ళోని ఆఫీసుకు వెళ్ళిపోయాడు. అతిథులు, గైడులు మంచు మీదుంటారు. కంపెనీ మనిషి ఆఫీసులో హీటరు ముందు ఉంటాడు.

గైడు ఎనూకి బయట బండి కుక్కల తాళ్ళ చిక్కు తీస్తున్నాడు. వయసులో జిపోరాకు తమ్ముడే. కానీ తండ్రి పోయాక పుట్టాడు కాబట్టి ఆయన పేరు వీడికి పెట్టారు. పేరుతోపాటు వరసా వచ్చింది. పొత్తిళ్ళలో ఉన్నప్పటినుంచీ జిపోరాకు వాడు నాన్నే, వాడికి ఆమె పాపే. మా ఊళ్ళో దీనికెవరూ నవ్వరు.

"నాన్నా, నువ్వైనా చెప్పొచ్చుగా ఆయనకి?"

"ఏం చెప్పను పాపా? వాళ్ళ గుడారం, వాళ్ళ పెట్టె. ఎదురు చెప్తే మొహం ఎర్రగా చేసుకుంటాడు. చూడ్డానికి బావుండదు."

"నీకు మొహమాటం, ఆయనకి రూలు. మధ్యలో నా మెడకి తాళం!"

ఎనూకి నవ్వి, రెండు చేతుల్తో తుపాకీ అందించాడు. తండ్రి వాడిన త్రీ నాట్ త్రీ. చెక్క పగిలిన చోట సీలు జంతువు తోలు తడిగా ఉన్నప్పుడే చుట్టి ఎండనిచ్చిన కట్టు. గొట్టం మూతికి మంచు దూరకుండా టేపు. లోపల నూనె చుక్క కూడా లేదు. ఈ చలికి నూనె జిగురైపోతే తూటాని కొట్టే సూది కదలదు. అందుకే మావాళ్ళు తుపాకీని పొడిగా ఉంచుతారు, ఇంటి ముందు చలిగదిలోనే ఉంచుతారు, బిడ్డకి జ్వరమొచ్చి ఇల్లంతా వేడి చేసినా దాన్ని మాత్రం గడప దాటించరు.

గుడారంలోకి తేగానే ఇనుముకు చెమట పట్టింది. జిపోరా తువ్వాలుతో తుడిచింది. మళ్ళీ పట్టింది. తుడిచేకొద్దీ పట్టింది. అతిథి వెండెల్ కొత్త తుపాకీదీ అదే కథ, పైనున్న దుర్భిణి అద్దం పాలు పోసినట్టు తెల్లబడింది. రెండింటినీ పెట్టెలో పడుకోబెట్టి తాళం తిప్పింది. తిప్పుతుంటే ఒళ్ళు మండింది. అయినా తిప్పింది.

*

పొద్దున్న టీ ఇంకా మరగనేలేదు, కుక్కలు ఒక్కసారి గొంతెత్తాయి. మంచుగడ్డలు ఒకదానిమీదొకటి ఎక్కి గట్టులా నిలిచిన చోట తెల్ల ఎలుగు తల పైకెత్తి గాలి వాసన చూస్తోంది. పెద్ద మగది. వెండెల్ ఒక కాలికే బూటు వేసుకుని బయటికి ఉరికాడు.

"తాళం! తాళం తియ్యమ్మా! పోతుంది అది!"

జిపోరా పెట్టె తెరిచింది. ఎనూకి తన తుపాకీ తీసుకుని పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని, బోల్టు ఊడదీసి, చొక్కా అంచుతో తుడవసాగాడు. తుడిచి, ఊది, వెలుతురుకు పెట్టి చూశాడు. మళ్ళీ తుడిచాడు.

"కాస్త ఆగమను నాన్నా," అంది జిపోరా. "విప్పి ఆరబెట్టుకో. ఎలుగు ఎక్కడికి పోతుంది? పోతే ఇంకోటొస్తుంది."

"పాపం, ఇంత దూరం నుంచి వచ్చాడు," అన్నాడు ఎనూకి. "ఎప్పట్నుంచి ఎదురుచూస్తున్నాడో." బోల్టు బిగించి, తుపాకీ వీపున తగిలించుకుని వెళ్ళిపోయాడు. ఆ మంచితనం చూస్తే జిపోరాకు ఒక్కోసారి వాణ్ణి చెంప మీద కొట్టాలనిపిస్తుంది.

ఆమె గుడారం వెనక గట్టెక్కి బైనాక్యులర్స్ పెట్టుకుంది. ఎనూకి బండి ఆపాడు. కుక్కల్ని వదిలాడు, ముందు నడిచే నల్లకుక్క కిర్నిక్‌ని అన్నిటికన్నా ముందు వదిలాడు. కుక్కలు ఎలుగును చుట్టుముట్టి నిలబెట్టాయి. వెండెల్ మోకాలు మీద కూర్చుని దుర్భిణిలోంచి చూశాడు. చేతి తొడుగుతో అద్దం తుడిచాడు. మళ్ళీ చూశాడు. మళ్ళీ తుడిచాడు. తర్వాత కాల్చేశాడు.

దెబ్బ తొడకు తగిలింది. ఎలుగు గిర్రున తిరిగి కిర్నిక్‌ని ఒక్క పంజాతో కిందికి నొక్కేసింది. ఎనూకి ముందుకు పరిగెత్తి, నిలబడి, తుపాకీ ఎత్తాడు.  చప్పుడు రాలేదు. బోల్టు లాగి, మళ్ళీ ఎత్తాడు. చప్పుడు రాలేదు. అంత దూరానికి ఆమెకు కుక్కల అరుపులు వినిపిస్తున్నాయి, వెండెల్ కేకలు వినిపిస్తున్నాయి, వినిపించాల్సిన చప్పుడొక్కటే వినిపించడం లేదు. ఎనూకి తుపాకీని తిరగేసి గొట్టం పట్టుకున్నాడు, దుడ్డుకర్రలాగా. ఎలుగు కుక్కను వదిలి వాడి మీదికి లేచింది. చెయ్యి అడ్డం పెట్టాడు.

అప్పుడు వెండెల్‌కి బుద్ధి పుట్టింది. దుర్భిణి వదిలేసి, గొట్టం మీదుగా కంటితో చూసి కాల్చాడు. ఎలుగు పక్కకు ఒరిగిపోయింది.

జిపోరా పరిగెత్తింది. మెడలో తాళంచెవి గుండెల మీద టపటపా కొట్టుకుంటోంది. ఎనూకి మంచులో కూర్చుని ఉన్నాడు, కరిబూ దుప్పి తోలు చొక్కా మోచేతి కింద చీలిపోయి, లోపల ఎముక వంకర తిరిగి ఉంది. కిర్నిక్ తల ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ కుక్క కళ్ళు అప్పటికే ఎటూ చూడడం లేదు.

"పేల్లేదు పాపా," అన్నాడు, ఎవరి గురించో చెబుతున్నట్టు. "నాన్న తుపాకీ ఎప్పుడూ ఇలా చెయ్యలేదు."

*

ఆసుపత్రిలో నర్సు చెయ్యి కుట్టి, అట్టకట్టు కట్టింది. ఆ సాయంత్రమే క్లిఫర్డ్ వచ్చి త్రీ నాట్ త్రీ తీసుకెళ్ళాడు. విప్పి చూడాలట. మర్నాడు అతను ఏం కనిపెట్టాడో ఊరంతా తెలిసిపోయింది: తుపాకీ లోపల నూనె చుక్క లేదు. ఎండిపోయి ఉంది. యుద్ధాల కాలం నాటి పాత ఇనుము, పైగా దాన్ని పట్టించుకునే దిక్కు లేదు. అతిథి ప్రాణాల మీదికి తెచ్చిన గైడు.

"నూనె లేదట!" జిపోరా పొయ్యి మీద మాంసం కుండను అంత గట్టిగా దించింది, పులుసు నేలమీద చిందింది. "నూనె లేదని నీ మీద నేరం! విన్నావా? పొడిగా ఉండటం వాడికి నిర్లక్ష్యం! పొయ్యి పక్కన ఉడకబెట్టి ఇచ్చింది మాత్రం జాగ్రత్త!"

"నేల తుడువు పాపా, జారుతుంది," అన్నాడు ఎనూకి. మాంసం ముక్కను పళ్ళతో పట్టి, పెదవుల దగ్గర కత్తితో కోసుకు తినడం మావాళ్ళ అలవాటు, ఒక్క మంచి చేత్తో అది కుదరక అవస్థ పడుతున్నాడు.

వేటగాళ్ళ సంఘం పెద్ద ఉలాయుక్ తాత అక్కడే నేలమీద కూర్చుని పులుసు తాగుతున్నాడు. "చిన్నప్పుడూ ఇంతే ఇది," అన్నాడు ఎనూకితో. "కోపమొస్తే బూట్లు విసిరేది. ఏమే, పాలపళ్ళు ఊడలేదా ఇంకా?"

మా ఊళ్ళో కోపం చిన్నపిల్లల జబ్బు. పెద్దయితే తగ్గిపోతుందనుకుంటారు. తగ్గనివాళ్ళని చూసి నవ్వుతారు, ఆ నవ్వుకీ తగ్గకపోతే మెల్లగా ఇంకో వైపు తిరిగి కూర్చుంటారు. జిపోరాకు ఇదంతా తెలుసు. తెలిసీ ఆగలేకపోయింది.

"ఊడాయి తాతా, అన్నీ ఊడాయి. రేపు మీ సంఘం హాల్లో క్లిఫర్డ్ వీణ్ణి గైడుగా తీసెయ్యమంటాడట. వీడికి వేరే పనేం వచ్చు? కుక్కలు తప్ప వీడికి ఇంకేముంది? మీరంతా కూర్చుని టీ తాగుతారా?"

"టీ ఇస్తే తాగుతాం," అన్నాడు తాత. కప్పు కింద పెట్టి, అట్టకట్టు కట్టిన ఆ చేతి వంక చాలాసేపు చూశాడు. 

*

హాల్లో ఊళ్ళో సగం మంది ఉన్నారు. క్లిఫర్డ్ త్రీ నాట్ త్రీని బల్లమీద పెట్టి, బోల్టు విప్పి, అందులోని సూదిని వేలితో ఎత్తి చూపించాడు. "చూడండి. ఎముకలా ఎండిపోయింది. ఎన్నాళ్ళయింది దీనికి నూనె పట్టించి?" అన్నాడు.

వెనక బెంచీల్లో ఎవరో దగ్గారు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ మాట్లాడలేదు. క్లిఫర్డ్‌కి ఆ మౌనం బలమిచ్చినట్టుంది. గొంతు పెంచాడు. "అతిథి భద్రత నా బాధ్యత. ఎనూకి మంచివాడే. కానీ ఇలాంటివాణ్ణి మంచు మీదికి పంపలేను."

ఉలాయుక్ తాత ఎనూకి వైపు తిరిగాడు. "నువ్వేమన్నా అంటావా?"

"తుపాకీ పేల్లేదు. అది నిజం," అన్నాడు ఎనూకి. అంతే. కూర్చున్నాడు.

జిపోరా లేచింది. లేచాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నేను పెట్టాను దాన్ని పెట్టెలో! తాళం తిప్పింది ఈ చెయ్యి! చెమట పట్టిన తుపాకీని పొయ్యి పక్కన పెట్టమన్నది ఈయన! లోపల నీళ్ళు, బయటికెళ్ళగానే మంచు! ఇది పసిపిల్లలకి కూడా తెలుసు, మీకందరికీ తెలుసు, ఒక్కరైనా నోరు తెరవరేం? నోట్లో ఏం పెట్టుకున్నారు?"

అందరూ బూట్ల వైపు చూసుకున్నారు. ఆమె కోపానికి కాదు, ఆమె పరువు పోతోందని సిగ్గుపడ్డారు. ఎనూకి కూడా తల దించేశాడు. అది చూశాక ఆమె కూర్చుండిపోయింది.

"రూలు భద్రత కోసం పెట్టింది జిపోరా," అన్నాడు క్లిఫర్డ్ నెమ్మదిగా, రోగితో మాట్లాడినట్టు. "తప్పు నీది కాదు. తుపాకీ బాగోలేకపోతే నువ్వేం చేస్తావ్?" తాత వైపు తిరిగాడు. "మరి, సంఘం ఒప్పుకున్నట్టేనా?"

"నువ్వు చెప్పింది విన్నాం," అన్నాడు తాత.

క్లిఫర్డ్ ఆయన చెయ్యి పట్టుకుని ఊపి, తుపాకీని గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. జిపోరా కోటు కూడా వేసుకోకుండా బయటికొచ్చేసింది. పిరికి సన్నాసులు అనుకుంది. అందరూ. తమ్ముడితో సహా.

*

మర్నాడు పొద్దున్న కొత్త అతిథి విమానం దిగాడు. బండ్లు కట్టే వేళకు క్లిఫర్డ్ ఒడ్డుకు వచ్చాడు. ఎలుగు వేటకు కుక్కల బండి మీదే వెళ్ళాలని నియమం. కుక్కలున్నవాళ్ళు మా ఊళ్ళో వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది. కుక్కలు గొలుసుల దగ్గర హాయిగా ముడుచుకుని పడుకున్నాయి. మనుషులెవరూ లేరు.

క్లిఫర్డ్ ఇల్లిల్లూ తిరిగాడు. జిపోరా కిటికీలోంచి అన్నీ చూసింది, సాయంత్రానికి అన్నీ వింది. ఒకడికి కుక్కలన్నిటికీ ఒకేసారి కడుపు చెడింది. ఒకడి బండి అడుగుపట్టా నిన్ననే విరిగింది, ఎంత దురదృష్టం. ఇంకొకడి భార్యకు నడుం పట్టేసింది, వంట ఎవరు చేస్తారు? అందరూ లోపలికి రమ్మన్నారు. అందరూ టీ ఇచ్చారు. అందరూ ఎంతో బాధపడ్డారు. ఉలాయుక్ తాత అయితే తన మోకాళ్ళ గురించి చాలాసేపు చెప్పి, పైగా ఎండు చేప ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చాడట.

ఎవరూ ఎవరితో అనుకోలేదు. జిపోరా గట్టిగా అడిగినా ఎవరూ ఒప్పుకోరు. హాల్లో తలలు దించుకున్నవాళ్ళే వీళ్ళంతా. ఆమె కిటికీ దగ్గర నిలబడి, చేతిలో సగం కుట్టిన తోలు తొడుగు పట్టుకుని, మొదటిసారి నవ్వింది.

"ఏంటి పాపా?" అన్నాడు ఎనూకి మంచం మీంచి.

"ఏం లేదు నాన్నా. తాతకి మోకాళ్ళు నొప్పులట."

"అయ్యో," అన్నాడు ఎనూకి. వాడు మాత్రం నవ్వలేదు. బండికి కట్టేటప్పుడు కిర్నిక్‌కి వేసే పట్టీని పక్కనే పెట్టుకుని, ఒక్క చేత్తో దాని ముడులు విప్పుతున్నాడు. ఇంకో కుక్కకు సరిపోయేలా దాన్ని తగ్గించాలి. గైడు పని లేని మనిషికి ముందు నడిచే కుక్క ఎందుకని ఆమె అడగలేదు.

*

ఆ తర్వాతి రోజు కొత్త అతిథి వెనక్కి వెళ్ళిపోయాడు. క్లిఫర్డ్ ఒక్కడే మోటారు స్లెడ్జికి బండి తగిలించి ఒడ్డున కనిపించాడు. గుడారం, పొయ్యి, పెట్టె అన్నీ మంచు మీదే ఉన్నాయి. తెచ్చిపెట్టడానికి కూడా ఎవరికీ తీరిక లేదు, తనే బయల్దేరాడు. మొహం నిజంగానే ఎర్రగా ఉంది. వీపున తన సొంత తుపాకీ ఉంది.

జిపోరా చూసింది. నిన్న సాయంత్రం అతను ఒడ్డున డబ్బా పెట్టి గురి చూసుకుని, తుపాకీని నేరుగా ఆఫీసులోకి పట్టుకెళ్ళడం చూసింది. హీటరు ముందు, తాళం వేసి. ఇప్పుడు ఆఫీసులోంచి నేరుగా తెచ్చాడు.

గుడారం దగ్గర చచ్చిన ఎలుగు పేగులూ కొవ్వూ మంచు మీద అలాగే ఉన్నాయి. ఆ వాసనకు ఈపాటికి ఎన్ని ఎలుగులు చేరి ఉంటాయో.

పోనీ, అనుకుంది. వెళ్ళనీ. తెలిసొస్తుంది. ఎనూకి చెయ్యి ఇక ఎప్పటికీ తిన్నగా రాదని నర్సు చెప్పింది. కిర్నిక్ లేదు. హాలు నిండా జనం ముందు నన్ను పిచ్చిదాన్ని చేశాడు. వెళ్ళనీ, వెళ్ళి చావనీ. ఇలా అనుకుంటూనే బూట్లు తొడుక్కుంది. వెళ్ళి చావనీ అనుకుంటూనే ఒడ్డు దిగింది. మోటారు అప్పటికే మోగుతోంది. ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"తప్పుకో జిపోరా. చాలు మీ ఆటలు."

"నీ తుపాకీ పేలదు."

"ఏంటి?"

"పేలదన్నాను. నిన్న సాయంత్రం బయటి నుంచి లోపలికి తీసుకెళ్ళావు. దానికి చెమట పట్టింది. ఇప్పుడు బయటికి తెచ్చావు. లోపల గడ్డకట్టింది." ఆమె స్లెడ్జి ముందు నుంచి కదల్లేదు. "ఎందుకు చెబుతున్నానో నాకే తెలీదు. నువ్వు చచ్చినా నాకు ఏడుపు రాదు. అయినా చెబుతున్నా. పేలదు."

"దీనికి మంచి నూనె పట్టించాను."

"అయితే అస్సలు పేలదు."

క్లిఫర్డ్ మోటారు ఆపాడు. ఆమె మాట అబద్ధమని తేల్చేద్దామన్నట్టు తుపాకీ తీసి, తూటా ఎక్కించి, ఖాళీగా ఉన్న మంచుదిబ్బ వైపు ఎత్తి ట్రిగ్గర్ నొక్కాడు.

టిక్.

ఆ రోజు దూరం వల్ల జిపోరాకు వినపడని చప్పుడు ఇదే. ఎనూకి రెండుసార్లు విన్న చప్పుడు. ఇంత చిన్నదా, అనుకుంది. కుట్టుసూది పలక మీద పడితే ఇంతకన్నా పెద్ద చప్పుడొస్తుంది.

క్లిఫర్డ్ తుపాకీ దించలేదు. అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. ఒడ్డున ఇళ్ళ కిటికీలన్నిట్లో మొహాలున్నాయి. సిగ్గుపడుతున్న మనిషి మొహంలోకి చూడకూడదు. జిపోరా సముద్రం వైపు తిరిగింది. చూడాలనుంది, కళ్ళారా చూడాలనుంది, అయినా తిరిగింది.

"ఇటివ్వు. మా చలిగదిలో పెడతా," అంది. "నూనె కడిగి ఆరబెట్టిస్తాను. రేపు వెళ్ళు. ఈలోపు మా నాన్న తుపాకీ తెచ్చివ్వు. తెచ్చాక రేడియోలో కూర్చుని, నీ తుపాకీ ఏం చేసిందో ఊరికి చెప్పు. హాల్లో చెప్పినంత గట్టిగా చెప్పు." మెడలోంచి ఎర్రతాడు తీసి, స్లెడ్జి హ్యాండిల్‌కి తగిలించింది. "ఇది నాకొద్దు."

*

మధ్యాహ్నం ఊరి రేడియోలో మామూలుగా మాంసం ఎవరింట్లో పంచుతున్నారో చెప్పే వేళకి క్లిఫర్డ్ గొంతు వినిపించింది. గొంతు బొంగురుపోయింది. ఉలాయుక్ తాత పక్కన కూర్చుని ఆ మాటల్నే మా భాషలో చెప్పాడు. తుపాకీ పేల్లేదు. వెచ్చటి గదిలో పెట్టినందుకు. ఎనూకి తుపాకీ కూడా అందుకే పేల్లేదు. ఎనూకి తప్పు లేదు. పెట్టె ఇక ఉండదు. గైడుగా ఎనూకి ఎప్పుడు బండి కడతానంటే అప్పుడే.

"మోకాళ్ళు ఎలా ఉన్నాయి?" అని చివర్లో తాతను ఎవరో ఫోన్లో అడిగారు. "కొంచెం నయం," అన్నాడు తాత.

ఎనూకి రేడియో కట్టేశాడు. అట్టకట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కిర్నిక్ పట్టీ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఏడ్చాడు. జిపోరా పక్కన కూర్చుంది. ఎవరేం చెప్పినా, రేడియోలో ఎంత గట్టిగా చెప్పినా, ఆ పట్టీ ఖాళీగానే ఉంది. ఆమె కోపం ఎక్కడికీ పోలేదు.

"ఇంకా కోపమేనా పాపా?"

"ఇంకా కోపమే నాన్నా."

"ఉండనీ," అన్నాడు ఎనూకి. ఆ మాట ఆమెతో ఎవరూ ఎప్పుడూ అనలేదు.

ఆమె లేచి చలిగదిలోకి వెళ్ళింది. గోడకు త్రీ నాట్ త్రీ ఆనించి ఉంది, దాని చోట అది. పక్కన క్లిఫర్డ్ తుపాకీ, విప్పి, కడిగి, ఆరాక మళ్ళీ బిగించినది. దాన్ని ఒక్క తన్ను తన్నాలనిపించింది. గోడ సందులోంచి సన్నగా మంచు పొడి లోపలికి రాలుతోంది. ఆ తుపాకీ గొట్టం నోరు తెరుచుకుని ఉంది.

"మూతికి టేపైనా వెయ్యడు, వెధవ," అంది. టేపు ముక్క పళ్ళతో కొరికి తెంపి, కోపంగానే, ఆ మూతికి గట్టిగా అంటించింది.